పిల్లికి బిచ్చం ఎంత పెట్టాలి?

*ముద్దుగా, బొద్దుగా ఉన్న పిల్లిని చూస్తే ఎవరికైనా ముచ్చటే. కానీ గిన్నె ముందు రోజంతా అరిచే ఆ పిల్లి నిజంగా ఆకలితోనే అరుస్తోందా? అడిగినప్పుడల్లా పెట్టే మన చేయి దానికి ఏం చేస్తోంది?*

తెల్లవారుజామున ఐదు కూడా కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ళ ఫ్లాట్‌లో వంటింటి లైటు ఇంకా వెలగలేదు. వాళ్ళ పిల్లి చిట్టి మాత్రం లేచింది. ముందు పడగ్గది తలుపును గోళ్ళతో గీరింది. పలకకపోయేసరికి తోసుకుని లోపలికొచ్చి, మంచమెక్కి, పిన్ని చెంపకు ముక్కు ఆనించింది. అప్పటికీ కదలకపోతే ఫ్రిజ్ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. గొంతు సాగదీసి, మధ్యలో విరిచి, వినేవాళ్ళ గుండె తరుక్కుపోయేలా అరవడం. పిన్ని లేచి గుప్పెడు డ్రై ఫుడ్ గిన్నెలో పోసి మళ్ళీ పడుకుంది.

పావుగంటకు పిన్ని వాళ్ళ అత్తగారు కాఫీ కలుపుకోవడానికి లేచారు. చిట్టి ఆవిడ కాళ్ళకు చుట్టుకుంది. "పాపం, రాత్రనగా తిన్నదే తల్లీ" అంటూ ఆవిడ చిన్న గిన్నెలో పాలు పోశారు. ఏడున్నరకు మా తమ్ముడు ఆమ్లెట్ తింటూ ఓ ముక్క కింద పడేశాడు. తొమ్మిదింటికి పనికి వచ్చే ఆవిడ తను తెచ్చుకున్న బిస్కెట్లలో ఒకటి విరిచి పెట్టింది. ఎవరికి వారు తాము పెట్టింది కొంచెమే అనుకున్నారు. అది నిజమే. ఎవరూ ఎక్కువ పెట్టలేదు. చిట్టి బరువు మాత్రం 6.2 కిలోలు. దాని ఒడ్డూ పొడుగుకు ఉండాల్సింది నాలుగున్నర.

"మీ ఇంట్లో దీనికి తిండి పెట్టేది ఎవరండీ?" టీకాలకు తీసుకెళ్ళినప్పుడు పశువైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న అదే. పిన్ని దగ్గర జవాబు లేదు.

వీడియోలో నవ్వు, ఒంట్లో నొప్పి

ఫోన్ తెరిస్తే చాలు, బొద్దు పిల్లుల రీల్స్. సోఫాలో మనిషిలా వెనక్కి వాలి కూర్చున్న పిల్లి, మెట్టు ఎక్కలేక వెనక్కి దొర్లిన పిల్లి. లైకులు లక్షల్లో. 2024లో రష్యాలోని పెర్మ్ నగరం నుంచి వచ్చిన క్రోషిక్ అనే పిల్లి వీడియోలు అలాగే ప్రపంచమంతా తిరిగాయి. ఒక ఆసుపత్రి నేలమాళిగలో దొరికిన ఆ రాగిరంగు పిల్లి బరువు 17 కిలోలు. దాన్ని ఎవరూ హింసించలేదు. అక్కడివాళ్ళు జాలిపడి బిస్కెట్లు, సూపు పెడుతూ పోయారు, అంతే. నాలుగడుగులు వేయడం కూడా దానికి కష్టమైపోయింది. జంతు సంరక్షకులు తీసుకెళ్ళి, తిండి తగ్గించి, నీళ్ళలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి బరువు దింపడం మొదలుపెట్టారు. అది కొద్దికొద్దిగా కోలుకుంటోందని అందరూ సంబరపడుతుండగా అదే ఏడాది అక్టోబరులో చనిపోయింది. ఒంట్లో కణితులు ఉన్నాయని, కొవ్వు పొర అడ్డంగా ఉండటంతో స్కానింగ్‌లో అవి కనిపించలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. నన్ను ఎక్కువగా కలచివేసింది ఈ చివరి సంగతే. లావు రోగాన్ని తెచ్చిపెడుతుంది, ఉన్న రోగాన్నీ దాచేస్తుంది.

అమెరికాలో పెంపుడు జంతువుల ఊబకాయంపై పనిచేసే పశువైద్యుల సంఘం 2022 సర్వేలో అక్కడి పిల్లుల్లో 61 శాతం ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నాయని తేలింది. మన వీధుల్లో తిరిగే పిల్లులు మూడు, నాలుగు కిలోల మధ్య చురుగ్గా కనిపిస్తాయి. అదే జాతి పిల్లి నెట్ కొట్టించిన బాల్కనీ ఉన్న ఫ్లాట్‌లోకి వచ్చి రెండేళ్ళయితే చాలు, గుండ్రంగా తయారవుతోంది.

> రికార్డు పుస్తకం మూసేసిన పేజీ
>
> ప్రపంచంలో అత్యంత బరువైన పెంపుడు పిల్లిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది ఆస్ట్రేలియాకు చెందిన హిమ్మీ. బరువు 21.3 కిలోలు. ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ఒంటి చక్రం తోపుడు బండిలో కూర్చోబెట్టాల్సి వచ్చేది. 1986లో, పదేళ్ళ వయసులో, ఊపిరాడక చనిపోయింది. పేరు కోసం జనం తమ పిల్లులకు తెగ తినిపిస్తారన్న భయంతో గిన్నిస్ వాళ్ళు ఆ విభాగాన్నే ఎత్తేశారు.

ఆ అరుపు మనకోసమే

పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మ్యావ్ అనడం చాలా అరుదు. అది పిల్లకూనలు తల్లిని పిలిచే పిలుపు. మనుషుల మధ్య పెరిగిన పిల్లి ఆ పిలుపును పెద్దయ్యాక కూడా వదలదు. మనం పలుకుతాం కాబట్టి.

2009లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కరెన్ మెక్‌కోంబ్ బృందం ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. పిల్లి సుఖంగా ఉన్నప్పుడు చేసే గుర్రు వేరు, తిండికోసం చేసే గుర్రు వేరు. రెండో దాంట్లో బొంగురు శబ్దం అడుగున సన్నని ఏడుపులాంటి ధ్వని ఒకటి కలిసి ఉంటుంది. దాని స్థాయి పసిబిడ్డ ఏడుపుకు దగ్గరగా ఉంటుంది. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్ళకు వినిపించినా, ఇది తొందరపెట్టే గుర్రు అని గుర్తుపట్టారు. పిన్ని వాళ్ళ అత్తగారు ఐదుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆ గొంతు విని ఆవిడ చేయి గిన్నె మీదికి పోకుండా ఎలా ఉంటుంది?

అలాగని పిల్లి నటిస్తోందని కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పిల్లికి ఒంట్లో ఖర్చయ్యే శక్తి సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. ఆపరేషన్ తప్పకుండా చేయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే కుట్లు విప్పించుకుని ఇంటికి తెచ్చిన రోజు నుంచే కొలత తగ్గించాలని చాలామందికి చెప్పేవాళ్ళు ఉండరు. తగ్గించకపోగా, పాపం నొప్పి పడింది కదా అని మరో చెంచా ఎక్కువ పెడతాం.

ఇంకో కారణం తీరుబడి. బయట బతికే పిల్లి రోజులో పది, ఇరవైసార్లు చిన్న చిన్న ప్రాణుల్ని పట్టుకుని తింటుంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 కేలరీలే. అందుకోసం పొంచి ఉండాలి, ఉరకాలి, చాలాసార్లు వట్టి పంజాతో వెనుదిరగాలి. ఫ్లాట్‌లో పిల్లికి ఇవేవీ లేవు. రోజు మొత్తంలో ఏదైనా జరిగేది వంటింట్లోనే. మనిషి అటు కదిలితే చాలు, దాని దృష్టిలో రోజు మొదలైనట్టే. అరిచింది, గిన్నె నిండింది. మర్నాడు అదే చోట కూర్చుని అదే అరుపు. నాలుగుసార్లు కసిరి ఐదోసారి పెట్టామంటే, ఐదుసార్లు అరవాలని దానికి మనమే నేర్పినట్టు.

> చేత్తో తడిమి చెప్పొచ్చు
>
> పక్కటెముకల మీద అరచేయి పెట్టి మెల్లగా తడమండి. నొక్కకుండానే ఎముకలు చేతికి తెలియాలి. నొక్కినా తెలియకపోతే బరువు ఎక్కువే. నిలబడిన పిల్లిని పైనుంచి చూడండి, పక్కటెముకల వెనక నడుము కొంచెం లోపలికి ఉండాలి. వెనక కాళ్ళ మధ్య వేలాడే వదులు చర్మం చూసి కంగారు పడొద్దు, సన్నని పిల్లులకూ అది ఉంటుంది. పర్షియన్ పిల్లుల్లో బొచ్చు అన్నిటినీ కప్పేస్తుంది కాబట్టి కంటిని నమ్మకండి. పశువైద్యులు 9 పాయింట్ల కొలతలో చూస్తారు. 5 సరైన ఒళ్ళు. ఆపైన ఒక్కో పాయింటుకు సుమారు 10 నుంచి 15 శాతం అదనపు బరువు.

పెరుగన్నం, పాలు, కూరలో ముక్క

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియని తెలుగిల్లు ఉండదు. ఎలుకల బెడద పోవడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దానికి పాలకోసం ఓ ఆవునూ ఇప్పించారు. కొన్నాళ్ళకు చూస్తే అందరి పిల్లులూ బలిసి నిగనిగలాడుతున్నాయి, రామకృష్ణుడిది మాత్రం ఎముకల గూడు. మొదటి రోజే మరిగే పాలు పెట్టి దానికి పాలంటే భయం పుట్టించాడు కాబట్టి. బలిసిన పిల్లి బాగా పెరిగిన పిల్లి అనీ, పాలే దాని తిండి అనీ కథలోనూ అనుకున్నారు, ఇళ్ళలోనూ ఇప్పటికీ అనుకుంటున్నారు.

నిజానికి పెద్దయిన చాలా పిల్లులకు పాలు సరిగా అరగవు. విరేచనాలు అవుతాయి. అరిగించుకునే పిల్లులకైతే అది శుద్ధ అదనపు తిండి. 100 మిల్లీలీటర్ల గేదె పాలలో దాదాపు 100 కేలరీలు ఉంటాయి. ఇంట్లో ఉండే, ఆపరేషన్ అయిన నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి కావాల్సింది 200 కేలరీల పైచిలుకు. అంటే ఒక టీ గ్లాసుడు పాలు సగం రోజు భోజనం. ఒక చెంచాడు డ్రై ఫుడ్, పది గ్రాములనుకుంటే, రోజు తిండిలో దాదాపు ఆరో వంతు.

శాకాహార ఇళ్ళలో పెరుగన్నంతో పెరిగే పిల్లుల విషయం ఇంకా ఆలోచించాల్సింది. పిల్లి మాంసం మీద బతకడానికి పుట్టిన జీవి. తీపి రుచి కూడా దానికి తెలియదు, ఆ రుచిని పట్టే జన్యువు పనిచేయడం మానేసిందని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. టారిన్ అనే పదార్థాన్ని తన ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది అందకపోతే కంటిపొర పాడై చూపు పోతుందని 1975లో, గుండె కండరం సాగిపోతుందని 1987లో తెలిసింది. కాబట్టి అన్నం, పాలతో పిల్లి ఒకేసారి లావుగానూ, లోపల పోషణ లేకుండానూ ఉండగలదు. మాంసం ఇంట్లోకి రానివ్వని వాళ్ళు టారిన్ కలిపి తయారుచేసిన పిల్లి ఆహారం ప్యాకెట్లలో తెచ్చుకోవడం మంచిది.

మాంసాహార ఇళ్ళలో ప్రమాదం ఇంకో రకం. కోడికూరలో ముక్క కడిగి పెట్టాం కదా అనుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ముక్కకు పట్టిన రసం కడిగితే పోదు. పెట్టాలనిపిస్తే కూరలో వేయకముందే ఒక చిన్న ముక్క ఉప్పూ కారం లేకుండా విడిగా ఉడికించండి. ఉడికిన ఎముకలు మాత్రం వద్దు, చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

బరువు మోసేది కీళ్ళు

లావు పిల్లి మొదట మానేసేది దూకడం. బీరువా ఎక్కేది కాస్తా మంచం దగ్గర ఆగిపోతుంది. తరవాత నడుము వెనక భాగం నాక్కోవడం మానేస్తుంది, నాలుక అందదు. తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టి, చుండ్రులా రాలుతుంది. మనం దాన్ని సోమరితనం అనుకుంటాం, లేదా వయసు అనుకుంటాం. లోపల కీళ్ళు అరుగుతుంటాయి. సరైన బరువున్న వాటితో పోలిస్తే ఊబకాయం ఉన్న పిల్లులకు మధుమేహం వచ్చే అవకాశం నాలుగు రెట్ల దాకా ఎక్కువ. ఊరట ఏమిటంటే, తొందరగా గుర్తించి ఇన్సులిన్ ఇస్తూ బరువు తగ్గిస్తే కొన్ని పిల్లుల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది.

పస్తు పెట్టొద్దు

విషయం అర్థమయ్యాక చాలామంది చేసే పని, రేపటినుంచి దీనికి ఒంటిపూటే అని గిన్నె తీసేయడం. దయచేసి ఆ పని చేయకండి. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా ఒక్కసారిగా కాలేయానికి చేరి దాన్ని స్తంభింపజేస్తుంది. కళ్ళు, చిగుళ్ళు పసుపెక్కుతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. కొత్త డైట్ ఫుడ్ నచ్చక మొండికేసినా ఇదే ముప్పు. ఆకలైతే అదే తింటుందిలే అన్న మాట పిల్లి విషయంలో పనికిరాదు. ఒక రోజంతా ముట్టకపోతే వైద్యుడికి ఫోన్ చేయాలి. తిండి మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం, పది రోజులు తీసుకోవాలి.

వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి రెండు శాతం లోపు తగ్గితే క్షేమం. చిట్టికి వైద్యురాలు రాసిన లెక్క రోజుకు సుమారు 170 కేలరీలు. ఒక చిన్న పౌచ్ వెట్ ఫుడ్, 25 గ్రాముల డ్రై ఫుడ్ కలిపితే దాదాపు అంతే. మామూలు డ్రై ఫుడ్‌నే మరీ తగ్గించేస్తే పోషకాలు కూడా తగ్గిపోతాయి కాబట్టి, బాగా లావున్న పిల్లులకు బరువు తగ్గడానికే తయారైన ప్రత్యేక ఆహారం రాస్తారు.

స్టీలు డబ్బా ఒప్పందం

కాగితం మీది లెక్క ఇంట్లో నిలవాలి కదా. పిన్ని వాళ్ళింట్లో మొదటి వారం రోజూ పేచీయే.

"అత్తయ్యా, మీరేమైనా పెట్టారా?"

"నేనెక్కడ పెట్టానమ్మా! రెండు చుక్కలు పాలు. అది నా మొహంలోకే చూస్తుంటే నాకు కాఫీ గొంతు దిగడం లేదు."

ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడా, చిట్టీ. పెట్టొద్దు అంటే ఆ ఇద్దరి మధ్య ఉన్న ఒకే ఒక్క వ్యవహారాన్ని తెంచేసినట్టు. పైగా పిల్లికి బిచ్చం పెట్టనివాడు అన్నది మన దగ్గర పిసినారికి వేసే ముద్ర. ఆ మాట వింటూ పెరిగిన చేయి అది.

వైద్యురాలు చెప్పిన ఉపాయం పనిచేసింది. పొద్దున్నే వంటింటి డిజిటల్ తూకం మీద రోజు తిండి మొత్తం కొలిచి మూత ఉన్న ఒక స్టీలు డబ్బాలో పోస్తారు. గ్లాసుతో, చారెడుతో కొలిస్తే రోజుకో రకంగా వస్తుంది, గ్రాముల్లోనే కొలవాలి. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఆ డబ్బా ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పిన్ని అత్తగారికే ఇచ్చింది. ఆవిడ దాన్ని ఐదు పూటలుగా పంచారు. గడియారం చూసి, పేరు పెట్టి పిలిచి మరీ పెడతారు. పెట్టే ఆనందం ఆవిడకు పోలేదు, చిట్టికి పూటలూ తగ్గలేదు. ఒక్కో పూట చిన్నదైంది, అంతే. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళను ఈ పనికి కాపలా పెట్టకండి, పెత్తనమే ఇచ్చేయండి అని నేను గట్టిగా చెబుతాను.

అరుపు పెరిగిన వారం

అడిగినప్పుడు పెట్టడం ఆపితే పిల్లి వెంటనే ఊరుకోదు. ఇంకా గట్టిగా అరుస్తుంది. బల్లమీది వస్తువులు కింద తోస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికే లేపుతుంది. వారం, రెండు వారాలు ఇలాగే ఉంటుంది. సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్ళు లొంగిపోతాయి. అప్పుడు పెట్టారంటే, ఇంతకంటే గట్టిగా అరిస్తే దొరుకుతుందన్న కొత్త పాఠం చెప్పినట్టవుతుంది. కసరడం కూడా జవాబే, దాని లెక్కలో పలకరింపే. మాట్లాడకుండా, చూడకుండా పక్కకు వెళ్ళిపోండి. అరుపు ఆగి కాసేపయ్యాక పిలిచి నిమరండి, తలదువ్వండి. లేవగానే గిన్నె నింపే అలవాటు మానేసి, స్నానమో కాఫీయో అయ్యాక పెట్టండి. నిద్ర లేచిన మనిషికీ తిండికీ ఉన్న ముడి వదులుతుంది. వీలుంటే టైమర్‌తో తెరుచుకునే గిన్నె కొనుక్కోవచ్చు, అప్పుడు పిల్లి మనిషిని వదిలి ఆ యంత్రం దగ్గర కాపలా కాస్తుంది.

పెట్టే ముందు పది నిమిషాలు ఆడించండి. దారానికి ఈకో, గుడ్డపీలికో కట్టి నేలమీద ఎలుకలా పాకించి, మధ్యలో దాచి, చివరికి పట్టుకోనివ్వండి. వెంటనే తిండి. వేట, భోజనం, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. దాని సహజమైన వరస ఇదే. గిన్నెను కాస్త మరిచిపోండి. కోడిగుడ్ల అట్ట గుంటల్లో నాలుగేసి పలుకులు వేయండి, పంజాతో తీసుకుంటుంది. నీళ్ళ సీసాకు చిల్లులు పెట్టి అందులో పోస్తే, దొర్లించినప్పుడల్లా ఒకటి రాలుతుంది. వరండా పొడవునా ఒక్కో పలుకు విసిరితే పరిగెత్తి తింటుంది. కీళ్ళ నొప్పి ఉన్నదాన్ని ఎత్తులు ఎక్కించకండి. వెట్ ఫుడ్‌లో మూడొంతులకు పైగా నీళ్ళే కాబట్టి తక్కువ కేలరీలతో కడుపు నిండుతుంది, మూత్ర సమస్యలున్న పిల్లులకు ఆ తడి మేలు కూడా. రెండు పిల్లులుంటే రెండు గదుల్లో పెట్టి, తినగానే గిన్నెలు తీసేయాలి. లేకపోతే సన్నదాని వాటా లావుదే తింటుంది.

> ఇవి కనిపిస్తే డైట్ కాదు, డాక్టరు
>
> ఎంత తింటున్నా చిక్కిపోవడం: థైరాయిడ్ ఎక్కువ కావడం, మధుమేహం, నులిపురుగులు కారణం కావచ్చు. నీళ్ళు ఎక్కువగా తాగడం, మూత్రం పెరగడం. ఎన్నడూ అడగని పిల్లి హఠాత్తుగా తిండికోసం వెంటపడటం. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ఆకలి పెరుగుతుంది, వైద్యుడితో చెప్పండి, సొంతంగా ఆపకండి. మగపిల్లి ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే అది అత్యవసరం, తెల్లవారేదాకా ఆగొద్దు.

ఏడెనిమిది నెలల పని

వారానికి ఒక శాతం చొప్పున తగ్గినా చిట్టిలాంటి పిల్లికి ఏడెనిమిది నెలలు పడుతుంది. రెండు వారాలకోసారి ఒకే తూకం మీద చూడాలి. మనుషుల తూకం మీద పిల్లిని ఎత్తుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి నిలబడి తీసివేత చేయొచ్చు. కానీ వంద గ్రాముల తేడాలు అందులో సరిగ్గా తెలియవు, పసిపిల్లల తూకం మెరుగు. మధ్యలో ఒక నెల ముల్లు కదలదు. అప్పుడు ముందు ఇంట్లో విచారించండి, డబ్బా బయట ఎవరి చేయి ఆడుతోందో. అదేమీ లేకపోతే వైద్యుడు మరో ఐదు, పది శాతం తగ్గించమంటారు. రెండు శాతం దాటి వేగంగా తగ్గుతుంటే పెంచమంటారు.

అనుకున్న బరువుకు చేరాక పాత కొలతకు వెళ్ళిపోతే నెలల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. పది శాతం పెంచి, రెండు వారాలు చూసి, బరువు నిలకడగా ఉందనిపిస్తే అక్కడే ఆగాలి. ఆ తరవాత కూడా నెలకోసారి తూకం తప్పదు, వంటింటి డబ్బా కూడా అలాగే ఉండాలి.